అంటార్కిటికా ఎవరిది? 2048లో నిజంగా ఏం జరుగుతుంది?

"2048లో అంటార్కిటికా ఒప్పందం ఎక్స్‌పైర్ అయిపోతుంది, ఆ తర్వాత దేశాలన్నీ కొట్టుకుంటాయి" అని రీల్స్ తిరుగుతున్నాయి కదా. మ్యూజిక్ బాగుంది, విషయమే తప్పు.

ముందు అసలు గొడవేంటో చూద్దాం. బ్రిటన్, ఫ్రాన్స్, నార్వే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, చిలీ, అర్జెంటీనా... ఈ ఏడు దేశాలూ అక్కడ తలా ఒక ముక్క మాదే అంటాయి. ఆస్ట్రేలియా ఒక్కటే దాదాపు 42 శాతం అడుగుతుంది. బ్రిటన్, చిలీ, అర్జెంటీనా అడిగే చోట్లయితే ఒకదాని మీద ఒకటి పడతాయి.

హద్దు గొడవంటే ఏంటో మా బూర్గంపాడు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014లో పోలవరం ముంపు లెక్కలో మా మండలంలోని కొన్ని ఊళ్ళు ఆంధ్రలో కలిశాయి. బూర్గంపాడు, సారపాక తెలంగాణలో ఉండిపోయాయి. గోదావరికి ఆ గీత తెలీదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు రెండు వైపులా ముంచింది. ఇక్కడ గీత గీసి, నీళ్ళ పంచాయితీకి గోదావరి బోర్డు పెట్టారు. అంటార్కిటికాలో రివర్స్: గీతల సంగతి పక్కన పెట్టి పని మొదలుపెట్టారు.

1959 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో 12 దేశాలు సంతకం చేశాయి. కోల్డ్ వార్ నడుస్తుంటే అమెరికా, సోవియట్ యూనియన్ ఒకే కాగితం మీద! అందులో నాలుగో ఆర్టికల్ నాకు భలే నచ్చుతుంది. "మాది" అన్నవాళ్ళని వదులుకోమనలేదు, "మీది కాదు" అన్నవాళ్ళని ఒప్పుకోమనలేదు. పాత వాదన ఫ్రీజ్, కొత్తగా ఎవరూ అడగకూడదు. అందుకే మన మైత్రి స్టేషన్ నార్వే తనదనే చోట, భారతి ఆస్ట్రేలియా తనదనే చోట ఉన్నా మనవాళ్ళని వీసా అడిగేవాళ్ళు లేరు. సైనిక స్థావరాలు, అణు పరీక్షలు నిషేధం.

చేరిన దేశాలు 50కి పైనే. కానీ నిర్ణయాల్లో మాట చెల్లేది 29 దేశాలకే. అక్కడ నిజంగా సైన్స్ చేసి చూపించాలి మరి. ఇండియా 1981లో మొదటి టీమ్‌ని పంపింది, 1983లో ఆ కుర్చీ దక్కింది. ఈ దేశాలు ఇంకొకరి స్టేషన్‌కి ఎప్పుడైనా వెళ్ళి తనిఖీ చేయొచ్చు.

చిక్కేంటంటే, అందరూ ఒప్పుకుంటేనే ఏదైనా జరుగుతుంది. 2022లో ఎంపరర్ పెంగ్విన్‌లకి ప్రత్యేక రక్షణ ఇద్దామంటే చైనా ఒప్పుకోలేదు. అంతే, ఆగిపోయింది.

ఇక 2048. 1959 ఒప్పందానికి ఎక్స్‌పైరీ డేటే లేదు. 1991లో మాడ్రిడ్‌లో ఇంకో ప్రోటోకాల్ రాసి మైనింగ్‌ని బ్యాన్ చేశారు. అది 1998లో అమల్లోకి వచ్చింది. 50 ఏళ్ళు నిండాక, ఆ 29లో ఏ దేశమైనా రివ్యూ మీటింగ్ అడగొచ్చు. బ్యాన్ దానంతటది పోదు. మార్పు అమల్లోకి రావాలంటే 1991లో మాట చెల్లిన 26 దేశాలూ ఆమోదించాలి. వాటిలో ఇండియా ఉంది. అంటే ఢిల్లీ కాదంటే ఆగుతుంది.

అయితే ఒక సందు ఉంది. మీటింగ్‌లో ఒప్పుకున్న మార్పు మూడేళ్ళలో అమల్లోకి రాకపోతే, ఏ దేశమైనా నోటీసిచ్చి, రెండేళ్ళ తర్వాత ప్రోటోకాల్ నుంచి బయటికి వెళ్ళిపోవచ్చు. రీల్ చేస్తే దీని మీద చేయాలి.