ల్యాబ్‌ నుంచి మార్కెట్‌కు.. దారి చూపే బయో సదస్సులు

బయోటెక్నాలజీ డిగ్రీ చేతికొచ్చింది. ఇప్పుడేంటి? ‘పీహెచ్‌డీ చేయకపోతే ఉద్యోగం రాదు’ అని సీనియర్లు భయపెడుతుంటారు. నిజానికి ల్యాబ్‌లో పుట్టిన ఆలోచన మందుగానో, టీకాగానో మారేలోపు శాస్త్రవేత్తలతో పాటు ఎంతోమంది చేతులు కలపాలి. వాళ్లందరూ ఒకేచోట కనిపించేది బయో సదస్సుల్లోనే.

జెనీవాలో మొదలై..

నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్‌ రెడ్డి ఎలక్ట్రానిక్స్‌ ఇంజినీరు. 1990ల మొదట్లో జెనీవాలో టీకాలపై జరిగిన సదస్సుకు వెళ్లారు. హెపటైటిస్‌-బి టీకా మన దేశంలో సామాన్యుడికి ఎందుకు అందడం లేదన్న ప్రశ్నతో తిరిగొచ్చారు. 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించారు. 1997లో దేశీయంగా తయారైన తొలి రీకాంబినెంట్‌ హెపటైటిస్‌-బి టీకా ‘శాన్‌వాక్‌-బి’ మార్కెట్లోకి వచ్చింది.

అప్పుడు జెనీవా దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ అవసరం లేదు. బయోఏషియా సదస్సు హైదరాబాద్‌లోనే జరుగుతోంది. ఇటీవలి సంవత్సరాల్లో ఎక్కువగా ఫిబ్రవరిలో నిర్వహిస్తున్నారు. పెద్ద కంపెనీలు, పరిశోధకులు, పెట్టుబడిదారులు, స్టార్టప్‌లు అక్కడికి వస్తారు.

మధ్యలో ఎవరుంటారు?

పరిశోధన ఫలించగానే వ్యాపారం అయిపోదు. పేటెంట్‌ కావాలి, చిన్న స్థాయిలో తయారు చేసి చూడాలి, అనుమతులు రావాలి, డబ్బు పెట్టేవాళ్లు దొరకాలి. ఇక్కడే ఇంక్యుబేటర్లు ఆదుకుంటాయి. తుర్కపల్లిలోని ఐకేపీ నాలెడ్జ్‌ పార్క్‌, సీసీఎంబీలోని అటల్‌ ఇంక్యుబేషన్‌ సెంటర్‌, హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీలోని ఆస్పైర్‌ బయోనెస్ట్‌ అలాంటివే. కొత్త ఆలోచనను నిరూపించుకోవడానికి కేంద్ర సంస్థ బైరాక్‌ ‘బిగ్‌’ పథకం కింద రూ.50 లక్షల వరకు గ్రాంటు ఇస్తుంది.

ఈ దారి పొడవునా ఉద్యోగాలున్నాయి. క్వాలిటీ కంట్రోల్‌, క్వాలిటీ అష్యూరెన్స్‌, రెగ్యులేటరీ అఫైర్స్‌, పేటెంట్‌ సెర్చ్‌, బిజినెస్‌ డెవలప్‌మెంట్‌.. వీటిలో చాలావాటికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. క్యాంపస్‌కు రాని చిన్న కంపెనీలను నేరుగా కలిసే వీలు సదస్సులోనే ఉంటుంది.

వెళ్లేముందు..

* ప్రవేశ నిబంధనలు, ఫీజు వివరాలను అధికారిక వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.
* పాల్గొనే కంపెనీల జాబితాలోంచి ఓ పది ఎంచుకోండి. ఒక్కోటి ఏం తయారు చేస్తుందో చదివి వెళ్లండి.
* స్టాల్‌ దగ్గర ‘జాబ్స్‌ ఉన్నాయా సార్‌?’ అని మొదలుపెట్టొద్దు. ‘మీ ప్రొడక్ట్‌ ఇప్పుడు ఏ దశలో ఉంది? ఫ్రెషర్‌కు మొదట ఏ పని అప్పగిస్తారు?’ అని అడగండి. మాట సాగుతుంది.
* మీ ప్రాజెక్టులో కొత్తదనం ఉంటే పోస్టర్‌ పెట్టకముందే గైడ్‌తో మాట్లాడండి. ముందే బయటపెడితే పేటెంట్‌కు చిక్కు రావొచ్చు. ప్రొవిజనల్‌ దరఖాస్తు వేసుకుంటే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది.
* కలిసినవాళ్లకు రెండ్రోజుల్లో చిన్న మెయిల్‌ పెట్టండి. ఏం మాట్లాడుకున్నారో ఒక్క వాక్యంలో గుర్తుచేయండి.

చాలామంది సర్టిఫికెట్‌, బ్యాగు, సెల్ఫీలతో సదస్సు నుంచి ఇంటికెళ్తారు. మీరు మాత్రం ఓ పది కంపెనీలు ఏం చేస్తున్నాయో, వాటికి ఎలాంటివాళ్లు కావాలో తెలుసుకుని రండి. రేపు ఇంటర్వ్యూలో ‘మా కంపెనీ గురించి ఏం తెలుసు?’ అని అడిగితే తడుముకోవాల్సిన పనుండదు.