ఎండ పిలిస్తే వచ్చే మంచు

స్కాట్లాండ్ తూర్పు తీరంలో సముద్రం మీది నుంచి ఒడ్డుకు వచ్చే చల్లని పొగమంచును స్కాట్స్ భాషలో ‘హార్’ అంటారు. ఈ మాట బహుశా డచ్చి వైపు నుంచి ఉత్తర సముద్రం దాటి వచ్చింది. అక్కడి పాత భాషలో దీన్ని పోలిన పదానికి ఒంటిని కోసే చలిగాలి అని అర్థం. స్కాట్స్‌లోనూ తూర్పు చలిగాలిని హార్ అనడం ఉంది. ఎడింబరో, డండీ, ఆబర్డీన్ జనానికి ఇది రోజువారీ మాటే. అయితే మబ్బు పట్టిన ప్రతి రోజునూ హార్ అనరు. పొద్దస్తమానం దిగులుగా, తడితడిగా సాగే వాతావరణం ‘డ్రీఖ్’. సన్నని తుంపర ‘స్మర్’. హార్ కావాలంటే అది సముద్రం నుంచి రావాలి. దక్షిణాన సరిహద్దు దాటి నార్తంబర్లాండ్‌లో అడుగుపెడితే అదే మంచును ‘ఫ్రెట్’ అంటారు.

తెలుగు నేల మీద పొగమంచు చలికాలపు తెల్లవారుజాముది: రాత్రి నేల చల్లబడి తన మీది గాలిని చల్లబరుస్తుంది, పొద్దెక్కితే విడిపోతుంది. హార్ తీరు వేరు. అది ఎక్కువగా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా, మంచి ఎండలు కాసే రోజుల్లోనే వస్తుంది. యూరప్ భూభాగం మీద వేడెక్కిన గాలి తూర్పు నుంచి ఉత్తర సముద్రం మీదుగా వస్తుంది. వసంతంలో ఆ నీళ్లకు ఇంకా శీతకాలపు చలి వదలదు. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి సుమారు 11.6 డిగ్రీలకు చల్లబడితే చాలు, ఇక అందులో ఆవిరి పట్టదు. అదే తుషార బిందువు. సముద్రం అంతకంటే చల్లగా ఉంటే మిగులు ఆవిరి నీటి బిందువులవుతుంది.

దీన్ని తేల్చడానికి చాలా కాలం పట్టింది. తొలి అడుగు ఎడింబరోలోనే పడింది. భూగర్భశాస్త్రానికి ఆద్యుడనిపించుకున్న జేమ్స్ హట్టన్ 1784లో వాన గురించి ఒక సిద్ధాంతం వినిపించాడు: తేమతో నిండిన వేడి గాలి, చల్లగాలి కలిస్తే ఆ మిశ్రమం తన ఆవిరినంతా పట్టుకోలేదు. లెక్క సరైనదే; చలిలో నోటి ఆవిరి తెల్లగా కనిపించేది అందుకే. కానీ ఆ కలయిక వాన కురిపించేంత నీటిని ఇవ్వదు. ఫాల్కిర్క్‌కు చెందిన జాన్ ఐట్కెన్ 1880లో మరో మెట్టెక్కాడు. మామూలు గాలి ఉన్న గాజుపాత్రలోకి ఆవిరి పంపితే మంచు కమ్మింది; దూది గుండా వడగట్టిన గాలిలోకి పంపితే ఏమీ కనిపించలేదు. ధూళి లేనిదే బిందువు లేదన్నాడు. అదీ పూర్తి నిజం కాదు. 1894లో బెన్ నెవిస్ శిఖరం మీద మేఘాల్లోని వెలుగు వలయాలు చూసి ముగ్ధుడైన సి.టి.ఆర్. విల్సన్, వాటిని ప్రయోగశాలలో సృష్టించబోయి, ఆవిరి సంతృప్త స్థాయికి సుమారు నాలుగు రెట్లు పేరుకుంటే ధూళి లేకున్నా అయాన్ల మీద బిందువులు కడతాయని కనుగొన్నాడు. ఆ ప్రయోగాలకు అతను కట్టిన పరికరమే క్లౌడ్ చాంబర్. 1927 నోబెల్ బహుమతి దాని పుణ్యమే. హార్‌కు మాత్రం అంత శ్రమ అక్కర్లేదు. అలల నుంచి ఎగిసిన ఉప్పు రేణువులు తేమను ఇట్టే పీల్చుకుంటాయి.

అసలు చిక్కుముడి విప్పింది జి.ఐ. టేలర్. టైటానిక్ మునిగిన మరుసటి ఏడు, 1913లో, మంచుకొండల కాపలాకు వెళ్లిన ‘స్కోషియా’ ఓడ మీద నుంచి గాలిపటాలు ఎగరేసి న్యూఫౌండ్లాండ్ దగ్గరి గాలి ఉష్ణోగ్రతలు కొలిచాడు. వెచ్చని నీటి మీది నుంచి చల్లని నీటి మీదికి సాగిన గాలి అడుగు నుంచి చల్లబడుతుంది, చిన్న చిన్న సుడులు ఆ చలిని పైకి పంచుతాయి. అందువల్ల కింద చలి, పైన వెచ్చదనం ఉంటాయి. ఆ వెచ్చని పొర మూతలా నిలిచి మంచును పైకి లేవనివ్వదు. హార్ పలుచన పొర కావడానికి కారణమిదే. 251 మీటర్ల ఆర్థర్స్ సీట్ కొండ ఎడింబరో మునిగినా ఒక్కోసారి పైకి తేలి ఉంటుంది.

ఎండ మంచును పై నుంచి కరిగిస్తుందనుకోవడం పొరపాటు. తెల్లని పై పొర వెలుగును చాలావరకు తిప్పికొడుతుంది. పైగా తానే వేడిని ఆకాశానికి వదిలి ఇంకా చల్లబడుతుంది. లోపలికి దూరిన కాస్త వెలుగు నేలను వేడి చేస్తే, ఆ నేల గాలిని కింది నుంచి వెచ్చబరుస్తుంది, బిందువులు ఆవిరవుతాయి. సముద్రం అలా ఒక పగటిలో వేడెక్కేది కాదు కనుక అక్కడ హార్ రోజుల తరబడి కదలదు. తమాషా ఇక్కడే ఉంది. లోతట్టున ఎండ ముదిరితే అక్కడి గాలి పైకి లేస్తుంది, ఖాళీని నింపడానికి సముద్రగాలి లోపలికి వస్తుంది, దాంతో పాటు హార్ కూడా. ఆ తూర్పు గాలే కొండలు దాటి దిగేసరికి వెచ్చబడి ఆరిపోతుంది. అందుకే ఎడింబరో వణుకుతుంటే గ్లాస్గోలో ఎండ కాస్తుంది.

ఇంత తెలిసినా, ఏ వీధి దాకా వస్తుందో చెప్పమంటే వాతావరణ శాఖకు ఇప్పటికీ కష్టమే. అంత పలుచని పొర కంప్యూటర్ నమూనాలకు సరిగా చిక్కదు. ఈలోగా ఆబర్డీన్ విమానాశ్రయంలో విమానాలు, చమురు వేదికలకు వెళ్లే హెలికాప్టర్లు గాలి మళ్లేదాకా ఆగాల్సిందే.