చెరిపేసిన ఫొటో ఎక్కడికి పోతుంది?

పలక మీద రాసిన అక్షరాన్ని తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. కాగితం మీద గీసిన బొమ్మను పొయ్యిలో వేస్తే బూడిదవుతుంది. మరి కంప్యూటర్లో దాచుకున్న ఫొటోను 'డిలీట్' చేస్తే అది ఎక్కడికి పోతుంది? ఉన్నట్టుండి కంప్యూటర్ 'క్రాష్' అయితే అందులో ఉన్న తాతయ్య ఫొటో, అక్క పెళ్ళి ఫొటోలు ఏమవుతాయి?

"ఎక్కడికీ పోవు, చాలాసార్లు అక్కడే ఉంటాయి" అంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. కాని అది నిజం. అయితే అవి ఎంతసేపు అక్కడ ఉంటాయన్నది ఆ తర్వాత మనం చేసే పని మీద ఆధారపడి ఉంటుంది. ఆ సంగతేమిటో చూద్దాం.

ఫొటో అంటే అంకెల వరుస

కంప్యూటర్‌కు రంగులూ తెలియవు, ముఖాలూ తెలియవు. దానికి తెలిసినవి అంకెలే. అందుకని డిజిటల్ కెమెరా బొమ్మను చిన్న చిన్న చుక్కలుగా విడగొడుతుంది. ఈ చుక్కలనే పిక్సెల్స్ అంటారు. ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల కాంతి ఎంతెంత ఉందో చెప్పడానికి మూడు సంఖ్యలు కావాలి. ఒక్కొక్క సంఖ్య 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. అలాంటి సంఖ్య ఒకటి పట్టే చోటును బైటు అంటారు.

12 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన ఫొటోలో కోటీ 20 లక్షల చుక్కలుంటాయి. అంటే 3 కోట్ల 60 లక్షల సంఖ్యలు అన్నమాట! ఇన్నిటినీ ఉన్నవున్నట్లు దాచాలంటే చాలా చోటు కావాలి. అందుకని 1992లో ప్రమాణంగా స్థిరపడిన 'జేపెగ్' అనే పద్ధతిలో వీటిని కుదిస్తారు. అప్పుడు ఒక ఫొటో సుమారు 30, 40 లక్షల బైట్లలో సరిపోతుంది.

ఈ బైట్లను హార్డ్ డిస్క్‌లో ఎలా దాస్తారు? హార్డ్ డిస్క్ లోపల అద్దంలా నున్నగా ఉండే గుండ్రని పళ్ళేలుంటాయి. వాటిపై పలుచని అయస్కాంత పూత ఉంటుంది. పళ్ళేలు నిమిషానికి 5400 లేక 7200 సార్లు తిరుగుతుంటే, వాటికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో 'హెడ్' అనే చిన్న భాగం తేలుతూ అటూ ఇటూ కదులుతుంది. పూతలోని సూక్ష్మమైన చోట్లను ఒక దిక్కుగానో, దానికి వ్యతిరేక దిక్కుగానో అయస్కాంతీకరించడమే రాయడం. ఆ దిక్కులను పసిగట్టడమే చదవడం. మన తలవెంట్రుక మందం వేల నానోమీటర్లలో ఉంటుందని గుర్తు చేసుకుంటే, ఆ హెడ్ ఎంత దగ్గరగా తిరుగుతుందో మీకే తెలుస్తుంది.

గ్రంథాలయంలో చీటీ

మీ ఊరి గ్రంథాలయానికి వెళ్ళారనుకోండి. అక్కడ వేల పుస్తకాలున్నాయి. ఏ పుస్తకం ఏ బీరువాలో, ఏ అరలో ఉందో చెప్పే చీటీలు ఒక పెట్టెలో వరుసగా ఉంటాయి. చీటీ చూసి పుస్తకం తెచ్చిస్తారు. ఇప్పుడు ఎవరో ఒక చీటీని తీసి పారేశారు. పుస్తకం పోయిందా? పోలేదు. అరలోనే ఉంది. కాని అది ఉందని చెప్పేవారు లేరు.

హార్డ్ డిస్క్‌లోనూ ఇంతే. డిస్క్‌ను కంప్యూటర్ చిన్న చిన్న గదులుగా విభజించుకుంటుంది. చాలా కంప్యూటర్లలో ఒక్కొక్క గదిలో 4096 బైట్లు పడతాయి. 40 లక్షల బైట్ల ఫొటోకు దాదాపు వెయ్యి గదులు కావాలి. ఏ ఫైలు ఏయే గదుల్లో ఉందో వేరే ఒక పట్టికలో రాసి ఉంటుంది. మనం ఫొటోను పూర్తిగా డిలీట్ చేసినప్పుడు కంప్యూటర్ ఆ వెయ్యి గదుల జోలికి పోదు. పట్టికలో "ఈ గదులు ఖాళీ" అని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. 'ఫ్యాట్' అనే పాత పద్ధతిలోనైతే ఫైలు పేరులోని మొదటి అక్షరం తీసేసి, అక్కడ 229 అనే సంఖ్య వేస్తారు. ఆ సంఖ్య కనపడితే "ఇది చెరిపేసిన ఫైలు" అని అర్థం.

ఇలా ఎందుకు చేస్తారు? పని తొందరగా తెమలడానికి. వెయ్యి గదులు కడిగేకంటే ఒక గుర్తు మార్చడం తేలిక గదా!

కాని ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఆ గదులు ఖాళీ అని కంప్యూటర్ నమ్ముతుంది. తర్వాత మనం ఒక పాటో, సినిమానో అందులో పెడితే ఆ గదుల్లోనే తెచ్చి పడేయవచ్చు. ఒకసారి పాత అంకెలమీద కొత్త అంకెలు పడ్డాయంటే పాత ఫొటో తిరిగి రాదు. ఫొటో పోయేది చెరిపినప్పుడు కాదు, దానిమీద వేరొకటి రాసినప్పుడు!

పట్టిక లేకుండా వెతకడం

సరే, పట్టికే పాడైపోయిందనుకుందాం. కంప్యూటర్ క్రాష్ అయినప్పుడు ఇలా జరగవచ్చు. అప్పుడు ఫొటోలను ఎలా కనుక్కోవడం?

జేపెగ్ ఫైలు ఏదైనా 255, 216, 255 అనే మూడు సంఖ్యలతో మొదలవుతుంది. 255, 217 అనే సంఖ్యలతో ముగుస్తుంది. చీటీలన్నీ పోయిన గ్రంథాలయంలో మొదటి అర నుంచి చివరి అర దాకా ఒక్కొక్క పుస్తకమూ తీసి అట్ట చూసినట్లు, కొన్ని ప్రోగ్రాములు డిస్క్ మొదటి గది నుంచి చివరి గది దాకా చదువుకుంటూ పోతాయి. 255, 216, 255 కనపడగానే "ఇక్కడ ఫొటో మొదలైంది" అని పట్టుకుంటాయి. 'ఫొటోరెక్' అనే ఉచిత ప్రోగ్రాము చేసే పని ఇదే.

ఇలా దొరికిన ఫొటోలకు చాలాసార్లు మనం పెట్టిన పేర్లుండవు. ఎందుకంటే పేరు రాసి ఉన్నది పట్టికలో, ఫొటోలో కాదు. కొన్ని ఫొటోలు పైసగం చక్కగా కనపడి, కింది సగం బూడిదరంగులో ఉంటాయి. ఆ ఫొటో గదులు ఒకచోట లేకుండా చెల్లాచెదరుగా ఉన్నాయనో, కొన్నిటిమీద కొత్త ఫైలు పడిందనో దాని అర్థం.

ఆకాశం నుంచి రాలిన డిస్క్

మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లా గురించి మీరు చదివే ఉంటారు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అనే వ్యోమనౌక భూమికి తిరిగి వస్తూ, సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున ముక్కలైపోయింది. ఆమెతో సహా అందులో ఉన్న ఏడుగురు వ్యోమగాములూ మరణించారు. శకలాలు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం మీద రాలాయి.

ఆ యాత్రలో క్సెనాన్ అనే వాయువుపై ఒక ప్రయోగం జరిగింది. టమాటా సాస్ సీసాను కుదిపితే సాస్ పలుచబడి జారుతుంది గదా! క్సెనాన్ వంటి సాదా పదార్థం కూడా ఒక ప్రత్యేకమైన ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర అలాగే ప్రవర్తిస్తుందా అన్నది ప్రశ్న. భూమిమీద ఆ స్థితిలో వాయువు తన బరువుకు తానే అణగిపోతుంది. అందుకని ప్రయోగాన్ని అంతరిక్షంలో చేశారు. ఫలితాల్లో కొంత భాగం రేడియో ద్వారా భూమికి చేరింది. మిగిలినదంతా ఒక హార్డ్ డిస్క్‌లో ఉంది.

ప్రమాదం జరిగిన కొన్ని నెలలకు ఆ డిస్క్ దొరికింది. చూస్తే కాలిన లోహపు ముద్దలా ఉంది! మూత చుట్టూ ఉన్న బిగింపు కరిగి లోపలికి మట్టి చేరింది. కాని పళ్ళేలు వంగలేదు. మిన్నియాపొలిస్ దగ్గరున్న ఒక సంస్థ నిపుణులు వాటిని రసాయనాలతో శుభ్రం చేసి, వేరొక డిస్క్ యంత్రభాగాల్లో అమర్చి చదివారు. 99 శాతం సమాచారం దక్కింది! దాని ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. క్సెనాన్ నిజంగానే అలా పలుచబడుతుందని తేలింది.

ఇది ఎలా సాధ్యమైంది? పళ్ళెం మీద కొంత భాగం దెబ్బ తిన్నమాట నిజమే. కాని ఆ డిస్క్ సగమే నిండింది. అందులో వాడిన పాత 'డాస్' పద్ధతి సమాచారాన్ని చెల్లాచెదరు చేయకుండా దాదాపు ఒక వరుసలో రాసింది. దెబ్బ తగిలిన గదులు చాలావరకు ఖాళీవి. వేడికి, దెబ్బలకు తట్టుకున్న ఆ అంకెలు, వాటిమీద ఎవరైనా కొత్త అంకెలు రాసి ఉంటే మాత్రం దక్కేవి కావు.

అన్ని డిస్కులూ ఒకటి కావు

ఇప్పుడు చాలా కంప్యూటర్లలో తిరిగే పళ్ళేలు లేని 'ఎస్ఎస్‌డి'లు వాడుతున్నారు. వీటిలో పాత అంకెలమీద నేరుగా కొత్తవి రాయడం కుదరదు. ముందు శుభ్రం చేయాలి. అందుకని ఫైలు డిలీట్ కాగానే "ఈ గదులు అక్కర్లేదు" అని కంప్యూటర్ వాటికి కబురు పెడుతుంది. ఎస్ఎస్‌డి తీరిక చూసుకుని వాటిని నిజంగానే కడిగేస్తుంది. ఆ తర్వాత ఏ ప్రోగ్రాముకూ ఏమీ దొరకదు. ఫోన్లలోనూ ఫొటోలను రహస్య సంకేతాలుగా మార్చి దాస్తారు కాబట్టి అక్కడా ఆశ తక్కువే.

ఫొటోలు పోతే ఏం చేయాలి?

మొదట 'రీసైకిల్ బిన్' చూడండి. అక్కడ లేకపోతే ఆ డిస్క్‌ను గాని, మెమొరీ కార్డును గాని వాడటం ఆపేయండి. ఫొటోలు వెతికే ప్రోగ్రామును దానిలోకే ఎక్కించవద్దు. దొరికిన ఫొటోలనూ దానిలోనే దాచవద్దు. రెండూ పాత అంకెలమీద రాయడమే అవుతుంది. కంప్యూటర్ మొదలు కాకపోయినా డిస్క్ బాగానే ఉండవచ్చు. తెలిసినవారి చేత విప్పించి వేరొక కంప్యూటర్‌కు తగిలిస్తే ఫొటోలు మామూలుగానే కనపడవచ్చు. డిస్క్ నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తే మాత్రం వెంటనే కరెంటు తీసేయండి. హెడ్ పళ్ళేన్ని గీరుతూ ఉండవచ్చు. గీరుకుపోయిన పూతను ఎవరూ తిరిగి అతికించలేరు.

చేసి చూడండి

అక్కరకు రాని ఒక పెన్‌డ్రైవ్ తీసుకోండి. మీ ఉపాధ్యాయుని సాయంతో అందులో పది ఫొటోలు పెట్టి డిలీట్ చేయండి. ఫొటోరెక్‌తో వెతికి, దొరికినవి కంప్యూటర్లో దాచండి. ఎన్ని దొరికాయి? పేర్లు ఎలా ఉన్నాయి? తర్వాత పెన్‌డ్రైవ్‌ను వీడియోలతో పూర్తిగా నింపి, వాటిని డిలీట్ చేసి మళ్ళీ వెతకండి. ఈసారి ఎన్ని ఫొటోలు దొరికాయి? తేడా ఎందుకు వచ్చిందో నోటు పుస్తకంలో రాయండి.

ఒకటి కాదు, మూడు

పూర్వం తాటాకు గ్రంథాలు శిథిలం కాకముందే వాటికి కొత్త ప్రతులు రాసుకునేవారు. అలా తిరగరాసినవే మన దాకా వచ్చాయి. డిజిటల్ ఫొటోలకు ఈ పని ఇంకా తేలిక. విలువైన ఫొటోకు మూడు ప్రతులు ఉంచండి. వాటిని కనీసం రెండు రకాల సాధనాల్లో పెట్టండి. ఒక ప్రతి ఇంట్లో కాకుండా వేరేచోట ఉంచండి. ఇంట్లో వరద నీరు చేరినా, కంప్యూటర్ కాలిపోయినా ఆ మూడోది మిగులుతుంది. పోయినదాన్ని వెతకడం అదృష్టం మీద ఆధారపడిన పని. ప్రతి తీసి ఉంచడం మన చేతిలో పని.

చివరగా ఒక ప్రశ్న. మీ పాత కంప్యూటర్‌ను అమ్మేస్తున్నారు. అందులోని ఫొటోలన్నీ డిలీట్ చేశారు. అది చాలునా? పైన చదివినదాన్ని బట్టి ఆలోచించి చెప్పండి.