సత్యరాజా పూర్వదేశయాత్రలు: ఉపాధ్యాయుని కథారచన

ఉపాధ్యాయుఁడు కథ చెప్పఁబూనినపుడు మొదటి చిక్కు భాషతోనే. పరవస్తు చిన్నయసూరిగారు 1853 సంవత్సరమున వెలువరించిన నీతిచంద్రికయందు మిత్రలాభ మిత్రభేదములు మాత్రమే కలవు. తక్కిన తంత్రములను రచింపఁ బూనినవారిలో కందుకూరి వీరేశలింగముగారొకరు. వారును అప్పుడు సూరిగారి ప్రౌఢమార్గమునే త్రొక్కిరి. పిమ్మట దానిని విడిచి సులభశైలిని జేపట్టిరి.

ఈ మార్పునకుఁ బాఠశాలయే ముఖ్యకారణమని నా తలంపు. ధవళేశ్వరమునను రాజమహేంద్రవరమునను బాలురకుఁ బాఠము చెప్పినవారికి, నిఘంటువు చేతఁ బట్టుకొని చదువవలసిన కథ కథయే కాదని తెలియక మానునా?

సత్యరాజా పూర్వదేశయాత్రలకు స్విఫ్టు 1726లోఁ బ్రకటించిన గలివరు యాత్రలు మూలము. కాని యిది అనువాదము గాదు. సత్యరాజాచార్యులు చేరిన ఆడుమలయాళమున స్త్రీలే యేలికలు. పురుషులకుఁ బత్నీవ్రత్యమే పరమధర్మము. మన స్త్రీలకు విధించిన కట్టుబాట్లే మగవారి మెడకుఁ జుట్టుకొనఁగాఁ జదువరి నవ్వును. నవ్విన పిమ్మట ఆలోచింపక తప్పదు. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల నెలకొల్పినవారి వాదము ఇచ్చట నుపన్యాసము లేకయే సాగినది. రెండవ యాత్రయందలి మహాకాయుల లంక వినోదకరమే గాని, మొదటి దాని పదును దానికి లేదు.

ఇది బాలురకొఱకే వ్రాయఁబడినదని నేననను. అయినను పదునాలుగేండ్ల ప్రాయమువారికి దీనికంటెఁ దగిన పాతకథ అరుదు. జ్యోతినగరమువంటి క్రొత్త పట్టణముల పాఠశాలలలో బాలబాలికలు కలిసి కూర్చుండి చదువుదురు. అచ్చటి పండితులు ఆడుమలయాళ భాగమును ముందు చదివించి, నీతిచం్రికను ఆ పిమ్మటి యేఁట నారంభించుట మేలు.