వింత రూపపు కార్లు – వాహనప్రియుల వాదములు

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అన్నారు పెద్దలు. చీర అంచు విషయములోనైనా, ఇంటి గోడల రంగు విషయములోనైనా ఈ మాట చెప్పి ఊరుకోవచ్చును. మోటారు కార్ల విషయములో మాత్రము వాదము అంతటితో ఆగదు. వింత ఆకృతి గల కారో, పాతకాలపు రూపమును ధరించిన కొత్త కారో వీధిలోకి వచ్చినదంటే ఒకరు ముచ్చటపడతారు, మరొకరు ముఖము చిట్లిస్తారు. ఇద్దరూ కార్లను ప్రేమించేవారే, ఇద్దరూ ఇంజను సంగతి, గేర్ల సంగతి ఎరిగినవారే. అట్టివారు ఒకే వస్తువును చూసి ఇంత దూరముగా ఎందుకు విడిపోతారు? అభిరుచి భేదమని చెప్పి దాటవేయుటకు వీలులేని కారణము దీని వెనుక ఉన్నది. దానిని వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశ్యము.

గార్లదిన్నె ప్రాంతపు విద్యార్థులకు ఈ చర్చ పరాయిది కాదు. 44వ నంబరు జాతీయ రహదారి మన మీదుగానే పోతున్నది. బెంగుళూరు, హైదరాబాదుల నడుమ తిరిగే సకల జాతుల వాహనములూ మన కనుల ముందే సాగిపోతున్నవి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో, వేరుశనగ పంట మీద ఆశ పెట్టుకొని బ్రతికే ఈ కరువు సీమలో కార్ల కర్మాగారము వెలుస్తుందని ఒకనాడు ఎవరు ఊహించినారు? అయినను పెనుకొండ మండలములోని ఎర్రమంచి వద్ద దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ 536 ఎకరములలో కర్మాగారమును నిర్మించి, 2019లో ఉత్పత్తి ఆరంభించినది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యముతో దానిని నెలకొల్పినారు. నాడు అనంతపురము జిల్లాలో ఉన్న ఆ మండలము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

ఆ కర్మాగారము నుండి 2025లో విపణికి వచ్చిన ‘సైరోస్’ అను కారు మన చర్చకు దగ్గరి ఉదాహరణ. నిటారుగా నిలిచిన పెట్టె వంటి ఆకృతి, అంచులకు జరిపిన నిలువు దీపములు దానికి ప్రత్యేకత. చూచినవారిలో కొందరు ఇది కొత్తదనమన్నారు, కొందరు ఇదేమి వికారమన్నారు. అయితే ఆ పెట్టె రూపమునకు కారణము కలదు. పొడవు 4 మీటర్ల లోపు, ఇంజను నిర్ణీత పరిమాణము లోపు ఉన్న కార్లకు మన దేశములో పన్ను తక్కువ. అందువలన సైరోస్ పొడవును 3,995 మిల్లీమీటర్ల వద్ద ఆపినారు. పొడవు పెంచుటకు వీలులేనప్పుడు లోపల జాగా కావలెనంటే పైకప్పును లేపవలె, వెనుక భాగమును నిటారుగా దించవలె. వెనుక కూర్చున్నవారు సీటును ముందుకు వెనుకకు జరుపుకొనుటకు, వాల్చుకొనుటకు వీలు కలిగినది ఈ ఏర్పాటు వలననే.

వేగముగా నడుపుటలో ఆనందము పొందేవాడు దీనికి ఒప్పుకోడు. ఎత్తైన బండికి గరిమనాభి పైకి జరుగుతుంది, మలుపులలో దేహము పక్కకు వాలుతుంది. నిటారైన ముఖము గాలికి ఎక్కువగా అడ్డుపడుతుంది. వేగము రెట్టింపైతే గాలి నిరోధము నాలుగు రెట్లవుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. అతని కంటికి నేలకు దగ్గరగా వంగి ఉన్న కారే అందమైనది, ఎందుకనగా అది బాగుగా పరుగెత్తగలదని ఆ రూపమే చెబుతున్నది.

ఇక్కడనే అసలు కీలకము ఉన్నది. కారు ఆకృతి ఒక వాగ్దానము. ‘నేను ఫలానా పని చేయగలను’ అని అది చూపరులతో మాట్లాడుతుంది. వాహనప్రియుల తగవులో ఎక్కువ భాగము ఆ మాట ఏమిటి, అది నిలబడినదా అన్న దానిని గురించియే. ఈ దృష్టితో చూసినచో వింత కార్లు మూడు తెగలుగా విడిపోతవి.

మొదటివి అవసరము నుండి పుట్టిన వింతలు. ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ సంస్థ 1948లో ప్రజలకు చూపిన 2 సి.వి. అట్టిది. దున్నిన పొలము మీదుగా కోడిగ్రుడ్ల బుట్టతో పోయినను గ్రుడ్లు పగలకూడదన్నది దాని రూపకర్తలకు ఇచ్చిన షరతు. అందుకే మెత్తని స్ప్రింగులు, గుడ్డతో చేసిన పైకప్పు, పలుచని రేకు. తొలుత దానిని చూసి నవ్వినవారు ఎందరో, కాని అది 1990 వరకు తయారవుతూనే ఉన్నది. మన తెలుగు గడ్డ మీద హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉన్నది. నిజాము కొరకు చేసిన ఆ పసుపుపచ్చని కారులో వెనుక సీటు సింహాసనము వలె ఎత్తుగా ఉంటుంది. ఊరేగింపులో ప్రభువు ప్రజలకు కనబడవలెనన్నదే అక్కడి అవసరము. పరుగు పందెమునకు అది తగదని ఎవరూ ఆక్షేపించరు.

రెండవవి జ్ఞాపకము నుండి పుట్టినవి. తగవంతా ముదిరేది ఇక్కడే. ఫోక్స్‌వ్యాగన్ సంస్థ పాత బీటిల్ 2 కోట్ల 10 లక్షలకు పైగా తయారై, 2003లో మెక్సికోలో ముగిసినది. దానికి ఇంజను వెనుక ఉండేది, గాలితోనే చల్లబడేది. వెనుక భాగపు ఆ గుండ్రదనము క్రింద నిజముగా ఒక యంత్రము ఉన్నది. 1997లో తయారీ మొదలైన న్యూ బీటిల్ ఆ గుండ్రని రూపమునే ధరించినది. లోపల మాత్రము అదే సంస్థ వారి గోల్ఫ్ కారు అంగములు, ముందు ఇంజను, నీటితో చల్లబడే పద్ధతి. స్టీరింగు ప్రక్కన పూలు పెట్టుకొనే చిన్న కుప్పె! నిస్సాన్ వారు 1991లో తెచ్చిన ఫిగారో కూడ ఇట్టిదే. చిన్నపాటి మైక్రా కారు యంత్రమునకు పూర్వకాలపు ముఖము తొడిగినారు. చేసినవి 20 వేలే, కోరినవారు అంతకంటె ఎక్కువ, కనుక చీటీలు తీసి అమ్మవలసి వచ్చినది.

యంత్రమును ప్రేమించేవాడు వీటిని వేషమంటాడు. తాత కోటు తొడుక్కున్నంత మాత్రాన మనుమడు తాత కాడని అతని వాదము. జ్ఞాపకమును ప్రేమించేవాడు మరొక మాట అంటాడు. పాత కారు బ్రేకులతో, పాత కారు పొగతో నేటి రహదారి మీద తిరుగుట క్షేమము కాదు, ఆ రూపము చూసి కలిగే సంతోషమును నేటి భద్రతతో అందిస్తే తప్పేమి? ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. మన దేశములో మహీంద్రా థార్ ఎక్కువ మన్నన పొందుటకు కారణము కూడ ఇందులోనే దొరుకుతుంది. దాని రూపము పాత జీపును గుర్తు చేస్తుంది, రాళ్ల దారిలో నాలుగు చక్రములతో లాగే పని కూడ చేస్తుంది. రూపము చెప్పిన మాటను యంత్రము నిలబెట్టినది.

మూడవవి కేవల వినోదము కొరకు పుట్టినవి. హైదరాబాదు బహదూర్‌పురాలో శ్రీ కె. సుధాకర్ గారు 2010లో తెరచిన సుధా కార్ల మ్యూజియములో బూటు, కెమెరా, క్రికెట్ బ్యాటు, పుస్తకము మొదలగు రూపములలో నడిచే బండ్లు ఉన్నవి. 2005లో 41 అడుగులకు మించిన ఎత్తు గల మూడు చక్రముల సైకిలుతో వారు గిన్నిస్ గ్రంథములోనికి ఎక్కినారు. ఇంతకు మించిన వింత కార్లు మరెక్కడ ఉంటవి? అయినను వీటిని చూసి ఏ వాహనప్రియుడూ కోపగించడు, పిల్లవాని వలె నవ్వుతాడు. బూటు ఆకారపు కారు వేగమును గాని, వారసత్వమును గాని వాగ్దానము చేయలేదు. వింతదనమే తగవుకు మూలమైతే అన్నిటికంటె పెద్ద తగవు ఇక్కడ జరుగవలసినది.

ఈ వాదములలో పడి వాహనప్రియులు ఒకరిని మరచిపోతున్నారు. జీవితములో ఒక్కసారి, అదీ అప్పు చేసి, కారు కొనే మధ్యతరగతి గృహస్థు ఆయన. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్ ఆయన తండ్రి తరము వారికి ఎందుకు నచ్చినది? 1950ల నాటి బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రూపమును దశాబ్దముల తరబడి మోసిన ఆ కారును వేగప్రియులు ఎగతాళి చేసినారు. కాని తలపాగా తీయకుండ ఎక్కవచ్చును, ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చును, చిన్న ఊరి మెకానిక్కు సైతము బాగుచేయగలడు. ఆయనకు ఆకృతి చేసిన వాగ్దానము అదే. వింత రూపపు కారును మోజుపడి కొన్నవారికి విడిభాగములు దొరకకపోయినా, తిరిగి అమ్మబోతే కొనేవారు లేకపోయినా నష్టము వారి వాయిదాల మీదనే పడుతుంది. పత్రికలో మెచ్చినవాడు దానిని భరించడు.

విద్యార్థి మిత్రులారా! నేడు రహదారి ప్రక్కన నిలబడి కార్లను చూస్తున్న మీలో కొందరు రేపు ఎర్రమంచిలోనో, మరెక్కడనో వాటిని తయారుచేసేవారు కావచ్చును, గీసేవారు కూడ కావచ్చును. వింతగా కనబడిన దానిని చూసి వెంటనే నవ్వకండి, వెంటనే మురిసిపోకండి. ఈ రూపము ఎవరికి ఏమి మాట ఇస్తున్నది, లోపలి యంత్రము ఆ మాటకు నిలబడుతున్నదా, తప్పినచో నష్టపడేది ఎవరు అని అడగండి. ఈ ప్రశ్నలు అడిగిన తరువాత కూడ మీలో ఇద్దరికి ఇద్దరూ ఏకాభిప్రాయమునకు రాకపోవచ్చును. కాని ఎదుటివాడు ఏమి వెదకుచున్నాడో అప్పుడు తెలుస్తుంది. అంతవరకు వచ్చిన వాదము స్నేహమునకు భంగము కలిగించదు.