కలుగులోని శత్రువు: సీమదేశపు ఫెర్రెట్ వేటయు, మన యెలుకల నిర్మూలనమును

పైరునకు కీడు చేయు జంతువులలో కొన్ని కంటి కెదుట తిరుగును. వానిని తరుమవచ్చును. మరికొన్ని నేలలో దాగి యుండును. వానిని వెలికి దీయుట యెట్లు? ఈ ప్రశ్నకు ఐరోపాఖండపు రైతులు కనుగొనిన యుపాయమే ఫెర్రెట్ వేట. సెల్‌ఫోనులలో ఆ వేటను జూచిన కొందరు యువకులు, “ఇట్టి జంతువును మన యూరికి దెప్పించుకొనిన కుందేళ్ల బాధయు, ఎలుకల బాధయు తీరును గదా!” యని మమ్ము అడుగుచున్నారు. కావున ఈ విషయమును సంఘ సభ్యులకు వివరింపదలచితిమి.

ఫెర్రెట్ పనిచేయు విధము

ఫెర్రెట్ మన ముంగిసవలె సన్నని పొడవైన దేహమును, పొట్టి కాళ్లును గల మాంసాహారి. ఐరోపాలోని పోల్‌క్యాట్ అను అడవిజంతువును మచ్చిక చేయగా నేర్పడినది. సుమారు 2,000 సంవత్సరముల క్రిందటనే స్పెయిన్ దేశమున దీనివంటి జంతువుతో సీమకుందేళ్లను వేటాడుచుండిరని స్ట్రాబో అను గ్రీకు పండితుడు వ్రాసెను. బలియారిక్ ద్వీపములవారు సీమకుందేళ్ల బాధ పడలేక అగస్టస్ చక్రవర్తిని సైన్యసాహాయ్య మడిగిరని రోమను రచయిత ప్లినీ తెలిపెను.

సీమకుందేళ్లు గుంపులుగా బొరియలలో కాపురముండును. ఒక్కొక్క బొరియకు పెక్కు ద్వారములుండును. వేటగాడు మొదట ఆ ద్వారములన్నియు వెదకి, ప్రతిదానిపైని చిన్న సంచివల పరచును, సందడి చేయడు. తరువాత ఒక ద్వారమున ఫెర్రెట్‌ను విడుచును. దాని వాసన సోకగనే కుందేలు మరియొక దారిని దూకి వలలో చిక్కును. ఒక్క ద్వారము మరచినను పని వ్యర్థము. ఫెర్రెట్ లోపలనే కుందేలును చంపి, తిని, నిద్రించుటయు గలదు. అప్పుడు నేలను త్రవ్వి దానిని దీయవలసి వచ్చును.

మన కుందేలు వేరు

ఇబ్రహీంపట్నము పరిసరములందలి గుట్టలలోను, ఎఱ్ఱ చెల్కలలోను తిరుగు కుందేలు, అనగా చెవులపిల్లి, సీమకుందేలు కాదు. ఇది బొరియ త్రవ్వదు. గడ్డిలోనో, పొదక్రిందనో చిన్న పల్లము చేసికొని పగలంతయు అందు పండుకొనును. సీమకుందేటి పిల్లలు కనులు తెరువక, వెండ్రుకలు లేక బొరియలో పుట్టును. మన కుందేటి పిల్లలు బొచ్చుతో, తెరచిన కనులతో బయటనే పుట్టును. బొరియయే లేనప్పుడు ఫెర్రెట్ దూరునదెక్కడ? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్లు, ఇక్కడను ఫెర్రెట్టే కావలెనని పట్టుపట్టుట తగదు.

అంతియ గాదు. వలలు, ఉచ్చులు, కుక్కలతో కుందేటిని వేటాడుట 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. లేత మొలకలను కొరుకునని తోచినచో ముండ్లకంప చుట్టి కాపాడుకొనవలెను గాని, ఉచ్చు పన్నరాదు.

పరదేశపు జంతువును దెచ్చినవారి యనుభవము

1859లో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేటవినోదమునకై ఆస్ట్రేలియాలో సీమకుందేళ్లను విడిచెను. అవి యా ఖండమున పెక్కు ప్రాంతముల పచ్చికబయళ్లను పాడుచేసెను. న్యూజీలాండువారు సీమకుందేళ్లను అణచుటకు 1880 తరువాత ఫెర్రెట్లను విడువగా, అవి కుందేళ్లతో నాగక ఎగురలేని దేశీయపక్షులను మ్రింగసాగెను.

మన ముంగిస కథయు నిట్టిదే. 1872లో భారతదేశమునుండి తొమ్మిది ముంగిసలను జమైకా ద్వీపమునకు గొనిపోయి, చెఱకుతోటల యెలుకలను జంపుటకు విడిచిరి. మొదట ఎలుకలు తగ్గెను. పిమ్మట ముంగిసలు పక్షులను, వాని గ్రుడ్లను, తొండలను, కోళ్లను పట్టుకొన మొదలిడెను. తన దేశమున మేలుచేయు జంతువు పరదేశమున కీడు చేయుట కిదియే తార్కాణము. కావున ఫెర్రెట్‌ను దెప్పించు తలంపు మానవలెను.

మనకు కలుగులోని శత్రువు ఎలుక

అయినను ఆ వేటలోని కిటుకు మనకు పనికివచ్చును. ఇబ్రహీంపట్నము పెద్దచెరువు వంటి చెరువుల క్రింది వరిమళ్లయందు గట్లను తొలుచునది ఎలుక. అది రెండు విధముల నష్టము చేయును: వెన్నులను కోసి కలుగులో దాచుకొనును, గట్టునకు బొక్కచేసి నీటిని పోగొట్టును. ఎలుక గర్భకాలము సుమారు మూడు వారములే గావున ఒక జంటను ఉపేక్షించినను కొలదికాలములో మంద యగును.

కోస్తాజిల్లాలలోని యానాదులు ఈ విద్యయందు నిపుణులు. వారు అడుగున చిన్న రంధ్రముగల మట్టికుండలో గడ్డి కూరి నిప్పు పెట్టి, కుండ మూతిని కలుగు నోటికి ఆనించి, రంధ్రముగుండ నూదుదురు. పొగ లోపలికి పోవును. ఎలుకలు లోపలనే చచ్చును, లేదా తక్కిన ద్వారములయొద్ద చిక్కును. ఫెర్రెట్ చేయుపని యిచ్చట పొగ చేయుచున్నది. నోటితో నూదువారికి మూతి కాలుట, పొగ మ్రింగుట తప్పదు. కావున చేతితో త్రిప్పు పొగయంత్రము మేలు. నిపుణులను పిలిపించినచో వారి శ్రమకు తగిన కూలి నీయవలెను.

పని జరుపవలసిన క్రమము

1. నాట్లు వేసిన కొలది దినములలోనే మొదలిడవలెను. పొట్టదశ వచ్చినపిమ్మట మేలు తక్కువ, నష్టమెక్కువ.

2. సాయంకాలము కలుగులన్నియు మట్టితో మూయవలెను. మరునాటి యుదయము తెరచియున్నవానిలోనే ఎలుకలున్నవని గ్రహింపవలెను.

3. ఒక ద్వారమున పొగ పెట్టి, తక్కినవానిని మూయవలెను. లేదా కఱ్ఱలతో కాపుండవలెను. పొగ వచ్చుచున్న ప్రతి బొక్కయు ద్వారమే.

4. తరువాత కలుగు త్రవ్వి, గట్టును గట్టిగా నద్దవలెను. గట్లు సన్నముగా నున్న ఎలుకలకు చోటు తక్కువ.

5. చచ్చిన యెలుకలను వట్టిచేతులతో నంటక పూడ్చవలెను. ఎలుకజ్వరము వానివలన వ్యాపించును.

6. జెఱ్ఱిపోతును, ముంగిసను చంపరాదు. గుడ్లగూబలు వ్రాలుటకు పొలములో కఱ్ఱలు పాతవలెను. వ్యవసాయాధికారి సలహాలేక విషపు టెరలు పెట్టరాదు. అవి యీ మిత్రులను గూడ చంపును.

ఒక్కని పొలమున మాత్రమే పొగ పెట్టినచో ఎలుకలు ప్రక్కపొలమునకు పోయి, పది దినములకు మరల వచ్చును. ఒక ద్వారము మరచిన ఫెర్రెట్ వేటగాని గతియే ఆ రైతునకును బట్టును. ఒక తూము క్రింది రైతులందఱును ఒకే దినమున, తమ తమ గట్లపై నిలిచి పొగ పెట్టినచో ఎలుకకు పోవు దారి యుండదు. పొగయంత్రమును ఒక్కొక్కరు కొననక్కరలేదు. సంఘము రెండింటిని కొని వంతులవారీగా ఇచ్చిన చాలును. ఒకరి కలుగు అందఱి కలుగే యని తలచి, రాబోవు సభలోనే సభ్యులు దినము నిర్ణయించుకొందురుగాక.