ఆరని ఎయిర్‌బ్యాగ్ దీపం

కారు తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డుపై ఎయిర్‌బ్యాగ్ బొమ్మ గల దీపమొకటి వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోతుంది. ఆ వ్యవధిలో నియంత్రణ యూనిట్ తన విద్యుత్ వలయాలను పరీక్షించుకొంటుంది. దీపం ఆరకున్నచో ఎక్కడో లోపమున్నదన్నమాట. కారు యథావిధిగా నడుస్తుంది గనుక చాలామంది దానిని పట్టించుకోరు. కాని అట్టి స్థితిలో ప్రమాదవేళ సంచి విచ్చుకొంటుందన్న భరోసా లేదు. మన దేశంలో 2019 జూలై నుండి కొత్త కార్లలో డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయినందున, చిన్న కారు గల కుటుంబానికి సైతం ఈ విషయం తెలిసియుండుట మంచిది.

సంచిని నింపే వాయువును పుట్టించుటకు స్క్విబ్ అనే చిన్న జ్వలన సాధనముంటుంది. దాని విద్యుత్ నిరోధం సాధారణంగా సుమారు 2 ఓమ్‌లు మాత్రమే. యూనిట్ అతి స్వల్ప విద్యుత్తును పంపి ఈ నిరోధాన్ని నిరంతరం గమనిస్తుంది. కనెక్టర్ పిన్ను కాస్త తుప్పు పట్టి రెండు మూడు ఓమ్‌లు పెరిగినా చాలు, దీపం వెలుగుతుంది. ఇంటి దీపాలకు లెక్కలోనికి రాని తేడా ఇక్కడ పెద్ద లోపమే!

స్టీరింగ్ చక్రం తిరుగుతున్నా తీగ తెగకుండా, దాని వెనుక గడియారపు స్ప్రింగువలె చుట్టిన పలుచని కేబుల్ ఉంటుంది. అనేక కార్లలో హారన్ తీగ కూడా అందులోనిదే. దీపంతోపాటు హారన్ కూడా మూగబోయినచో మొదట దానినే అనుమానించాలి. పక్క ఎయిర్‌బ్యాగులున్న కార్లలో సీటు క్రింది పసుపు కనెక్టర్లు సీటును జరుపుటవలన వదులౌతాయి. ఇక ఎలుకల సంగతి చెప్పనక్కరలేదు.

స్కానర్‌లో కనిపించే కోడ్ లోపమున్న వలయాన్ని చెబుతుందేగాని చెడిన భాగాన్ని చెప్పదు. కోడ్ చూసి సంచినే మార్చమనే మెకానిక్‌ను కాస్త నిలదీయాలి. సరైన పద్ధతిలో సంచి స్థానంలో అంతే నిరోధం గల పరీక్షా సాధనాన్ని తగిలిస్తారు. దానితో కోడ్ పోయినచో లోపం సంచి వైపున, పోకున్నచో తీగలలోనో, కేబుల్‌లోనో, యూనిట్‌లోనో ఉన్నట్లు.

స్క్విబ్‌పై మాత్రం మల్టీమీటర్ పెట్టరాదు. దాని విద్యుత్తుకే సంచి పేలవచ్చును. బ్యాటరీ తీసినా కెపాసిటర్లలో శక్తి నిలిచియుంటుంది గనుక, తయారీదారు సూచించినన్ని నిమిషాలు ఆగాలి. ఇది ఇంటివద్ద చేసుకొనే పని కాదు.

పాత కారు కొనేవారికొక మాట. ప్రమాదంలో పేలిపోయిన సంచికి బదులు చవకైన రెసిస్టర్ పెట్టి దీపాన్ని ఆర్పేవారున్నారు. స్కానర్ కూడా దానిని పసిగట్టలేకపోవచ్చును. కనుక అధీకృత వర్క్‌షాపులో స్టీరింగ్ మూత విప్పించి, లోపల సంచి ఉన్నదీ లేనిదీ చూపించమని అడగండి.